ముప్పై మూడు చూపిస్తూ ఆగిన బండి

కాటా బాబాయిని ఆ వీధిలో ఎవరూ అసలు పేరుతో పిలవరు. పిలిస్తే ఆయనే పలకడేమో. తూకం మిషన్లు బాగుచెయ్యడం ఆయన పని. బంగారం కొట్టు నుంచి పాత ఇనుము కొట్టు దాకా ఎవరి కాటా మొరాయించినా కబురు ఆయనకే. ఆయన భార్య వీధి మొత్తానికి పిన్ని. పిన్నికి కాటాలు బాగుచెయ్యడం రాదు. కాటా బాబాయిని బాగుచేసే పని మాత్రం పెళ్ళైన నాటి నుంచీ ఆవిడదే. ఆ పని ఇంకా సగంలోనే ఉందని ఆవిడే అంటుంది, అదీ ఆయనకు వినపడేలా.

ఆయన పని చూడాలంటే ఓపిక ఉండాలి. కొట్లోకి రాగానే గబగబా స్క్రూలు విప్పే రకం కాదు. ముందు కాటాని గుడ్డతో తుడుస్తాడు. దాని కాళ్ళు నాలుగూ బల్లకి ఆనాయో లేదో వంగి చూస్తాడు. అప్పుడు బండిలోంచి తన పరీక్ష రాళ్ళు తెస్తాడు. అవి ఇనప రాళ్ళు. ఒక్కొక్కటీ మెత్తటి గుడ్డసంచిలో పసిపిల్లలా పడుకుని ఉంటుంది. చేతి చెమట అంటితే బరువు మారుతుందని ఉత్త చేత్తో వాటిని తను ముట్టుకోడు, ఇంకొకళ్ళని ముట్టుకోనివ్వడు. పళ్ళెం ఖాళీగా ఉన్నప్పుడు కాటా సున్నా చూపించాలి. పళ్ళెం నిండా రాళ్ళు పేర్చినప్పుడు ఆ రాళ్ళ బరువంతా చూపించాలి. ఈ రెండూ తేలాకే మధ్య బరువుల జోలికి వెళ్తాడు. తొందరలో ఉన్న కొట్టువాళ్ళకి ఒళ్ళు మండుతుంది.

"బాబాయ్, మేం రోజూ తూచేవి కిలో, రెండు కిలోలేగా. అక్కడ బాగానే చూపిస్తోంది. ఇంక వదిలెయ్ బాబూ!"

"మధ్యలో అన్నీ బాగానే చూపిస్తాయిరా. దొంగతనమంతా ఆ చివరా ఈ చివరా ఉంటుంది. నువ్వెళ్ళి బేరం చూసుకో, నన్ను నా పని చేసుకోనీ," అంటాడు బాబాయి నిమ్మకు నీరెత్తినట్టు.

ఇంత పని చేసే మనిషి ఒక్క ముక్క రాసుకోడు. అంతా బుర్రలోనే. "పోయిన వానాకాలం నీ కాటా ఎడమ మూల మూడు గ్రాములు ఎక్కువ తూగింది. ఇవాళ కుడి మూల తూగుతోంది. ఎవరో కిందపడేశారు. ఎవరు?" అని నిలదీస్తే కొట్టువాడు నీళ్ళు నమలాల్సిందే. పిన్నికి ఇది మహా గర్వం. ఆ గర్వాన్ని ఫిర్యాదులాగా చెప్పుకోవడం ఆవిడకి అలవాటు. "నన్ను మొదటిసారి చూసినప్పుడు నేను ఏ రంగు బట్టలు కట్టుకున్నానో, జుట్టుకి ఏ రంగు రిబ్బను పెట్టుకున్నానో ఇవాళ్టికీ చెబుతారు. బాగున్నానని మాత్రం ఒక్కనాడూ చెప్పరు" అంటుంది.

పాత డీజిలు వ్యాను చేతులెత్తేశాక, రాళ్ళు మొయ్యడానికి కరెంటు కారు కొన్నారు. అమ్మినతను తాళాలు చేతికిస్తూ, "బ్యాటరీని మరీ నిండా నింపకండి సార్, మరీ అడుగంటనివ్వకండి" అన్నాడు. ఆ మాట అతను కొనేవాళ్ళందరితోనూ అంటాడు, అందరూ విని మర్చిపోతారు. బాబాయి మర్చిపోతే ఆయన బాబాయి ఎందుకవుతాడు? ఆ మాటని చట్టం చేసి కూర్చున్నాడు. మీటరు మీద నూటికి డెబ్బై దాటనివ్వడు, ముప్పైకి దిగనివ్వడు. వీధిలో పది రకాల బళ్ళున్నాయి గానీ ఇంత పద్ధతిగా బతికే బండి ఇంకోటి లేదు.

"తమరికి సరే, దానికీ పథ్యమేనా? ఒక్కరోజు కడుపు నిండా తిననివ్వండి పాపం," అనేది పిన్ని.

"నీకు తెలీదులే. అది ఇంకో పదేళ్ళు మనల్ని మొయ్యాలి."

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఏర్పడింది. సాయంత్రం బండి షెడ్డులో పెట్టి దిగే ముందు బాబాయి మీటరు చూసి పైకి చదివేవాడు. "నలభై ఎనిమిది!" వంటింట్లోంచి పిన్ని "ఊఁ" అనేది. పొద్దున్న బండి తీస్తూ మళ్ళీ, "నలభై ఎనిమిది!" మళ్ళీ "ఊఁ". కొత్తవాళ్ళు వింటే ఈ ముసలాళ్ళకి పిచ్చేమో అనుకుంటారు. వాళ్ళకది పొద్దున్న లేచారా, బాగున్నారా అని పలకరించుకోవడం లాంటిది. కూరగాయల మార్కెట్టుకి వెళ్ళొస్తే ఎంత తగ్గుతుందో, రాళ్ళు ఎక్కిస్తే ఎంత తగ్గుతుందో, ఎదురుగాలి వీస్తే ఎంతో అన్నీ ఆయనకి నోటికి వచ్చు. బయల్దేరే ముందే "తిరిగొచ్చేసరికి నలభై ఒకటి ఉంటుంది చూడు" అనేవాడు, అంతే ఉండేది. పిన్ని మొహం చూసి కళ్ళెగరేసేవాడు, చిన్న పిల్లాడు పందెం గెలిచినట్టు.

అలాంటి మనిషి ఒకరోజు పొద్దున్న బండి తలుపు తీసి ఏమీ చదవలేదు. "ఊఁ" అనడానికి సిద్ధంగా ఉన్న పిన్ని గరిటె పట్టుకుని షెడ్డులోకి వచ్చింది.

"నిన్న రాత్రి ఎంత అన్నాను?"

"నలభై ఎనిమిదో, ఎంతో. నాకేం గుర్తు?"

"నలభై మూడుంది."

"అయితే నలభై మూడే అనుంటారు."

ఆ మాట ఆవిడ ఏ ఆలోచనా లేకుండా అంది. తర్వాత చాలాకాలం నాలుక కరుచుకుంది గానీ, అన్న మాట అన్నదే.

తూకం మిషన్ల పుట్టుపూర్వోత్తరాలు తెలిసిన మనిషి, అబద్ధం చెప్పే కాటాలని జీవితమంతా పట్టుకున్న మనిషి, ఒక కారు మీటరుని అంత తేలిగ్గా ఎలా నమ్మాడని మీరడగొచ్చు. అడగాల్సిందే. దానికి కారణం మీటరు కాదు, ఆయన అన్నయ్య. బాబాయికి ఈ పని నేర్పింది ఆ పెద్దాయనే. ఊళ్ళో కాటాలన్నీ ఒకప్పుడు ఆయన బుర్రలోనే ఉండేవి. ఆయన మొదట మర్చిపోయింది మనుషుల్ని కాదు, అంకెల్ని. నాలుగుని ఏడు అనడం, పొద్దున్న పెట్టిన బరువు మధ్యాహ్నానికి తప్పు చెప్పడం, దానికి కాటాని తిట్టడం. "కాటా చెడిపోయిందిరా" అని ఆయన అంటుంటే, కాటా బాగానే ఉందని తెలిసి కూడా తల ఊపినవాడు ఈ తమ్ముడే. ఇప్పుడాయన వెనక వీధిలో కొడుకు ఇంట్లో ఉన్నాడు. బాబాయి ఆదివారం ఆదివారం వెళ్ళి గోళ్ళు తీసి, గడ్డం గీసి వస్తాడు. పెద్దాయన అద్దంలో చూసుకుని, "చాలా బాగా గీశారండీ. మీరు ఎవరి తాలూకు?" అని మర్యాదగా అడుగుతాడు.

అందుకే ఆ రోజు మీటరుని తప్పుపట్టడానికి బాబాయికి నోరు రాలేదు. యంత్రం చెడిందని అనడం దగ్గరే అన్నయ్య కథ మొదలైందని ఆయనకి తెలుసు.

ఆ తర్వాత లెక్కలు మాటిమాటికీ తప్పాయి. ఒకే దారి, ఒకే బరువు, ఒకరోజు అయిదు తగ్గితే ఇంకోరోజు తొమ్మిది తగ్గేది. ఒకరోజు మధ్యాహ్నం భోజనం దగ్గర చెయ్యి కడుక్కోకుండానే అలా కూర్చుని, "ఏమోయ్, నాకూ మొదలైనట్టుంది," అన్నాడు బాబాయి.

"ఏం మొదలైంది?"

"అన్నయ్యకి మొదలైందే, అది."

"చాల్లెండి సంబడం. లేచి చెయ్యి కడుక్కోండి," అంది పిన్ని. కసిరింది గానీ, ఆ మధ్యాహ్నం ఆవిడకి ముద్ద దిగలేదు.

పిన్ని చేతులు ముడుచుకుని కూర్చునే మనిషి కాదు. కన్నీళ్ళు పెట్టుకుంటే జరిగే పనులు లోకంలో చాలా తక్కువని ఆవిడ నమ్మకం. డాక్టరు దగ్గరికి రమ్మంటే ఆయన రాడు, అన్నయ్యని డాక్టర్లంతా చూశాక ఏమైందో చూశాడు కాబట్టి. మరేం చెయ్యాలి? ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టింది. ఆయన ఎంత ఉండాలనుకుంటున్నాడో మీటరు అంత చూపిస్తే సరి! మధ్యాహ్నం ఆయన కునుకు తీసే ముందు, అన్నం వడ్డిస్తూ మాటవరసకి అడిగేది. "ఇవాళ ఎంత ఉండాలి?" "నలభై ఆరు ఉండాలి. నలభై రెండే ఉంది" అనేవాడు దిగులుగా. ఆయన గురక అందుకోగానే చల్లగా షెడ్డులోకి జారుకుని ప్లగ్గు పెట్టేసేది. నలభై ఆరు కాగానే తీసెయ్యాలి. చూశారా ఎంత సులువో!

సులువే, పక్కన కాపలా కూర్చుంటే. పిన్ని కూర్చుంటుందా? ఈలోపు పంపులో నీళ్ళొస్తాయి, ఎదురింటావిడ గోడ దగ్గరికి పిలుస్తుంది, పొయ్యి మీద పాలు గుర్తొస్తాయి. వచ్చి చూసేసరికి యాభయ్యో యాభై ఒకటో అయ్యుండేది. పోసినదాన్ని వెనక్కి తోడడం ఆవిడకే కాదు ఎవరికీ రాదు. కొన్నిసార్లు ఆయన ముందే లేచి వచ్చేస్తాడేమోనని ఒకటో రెండో ఎక్కగానే లాగేసేది.

బాబాయి నిద్ర లేచి బండి దగ్గరికి వెళ్తే, తగ్గినది ఇప్పుడు పెరిగి ఉండేది. మొదటిసారి ప్లగ్గు వంక, బండి వంక, తన చేతుల వంక చూసుకున్నాడు. "నేనే ఛార్జి పెట్టి మర్చిపోయానా?" అని గొణుక్కున్నాడు. కిటికీలోంచి చూస్తున్న పిన్నికి మొహం వెలవెలబోయింది. తను మందు అనుకుని పోసింది రోగాన్ని పెంచుతోందని అర్థం కావడానికి ఆవిడకి ఇంకా కొన్నిసార్లు పట్టింది. అర్థమయ్యాక ప్లగ్గు జోలికి వెళ్ళలేదు. కానీ చెప్పలేకపోయింది. "పెట్టింది నేనండీ" అంటే, "ఎందుకు పెట్టావు?" అంటాడు. దానికి నిజమైన జవాబు ఒక్కటే: మీ బుర్ర పోతోందని నేనూ అనుకున్నాను కాబట్టి. ఆ మాట ఆయన మొహం మీద చెప్పడం కంటే నోరు కుట్టేసుకోవడం నయమనుకుంది. ఇంత వాగుడుకాయ, ఆ ఒక్క మాట దగ్గర మూగదయింది.

బాబాయి పనిలో చాదస్తం పెరిగింది. పెట్టిన రాయే మళ్ళీ పెట్టడం, చూసిన కాటాకే సగం దారిలోంచి వెనక్కి వెళ్ళడం. తప్పు ఒక్కటీ దొరకలేదు, అయినా ఆయనకి ఊపిరాడలేదు. చివరికి ఒకరోజు పరీక్ష రాళ్ళన్నీ వరండాలో పేర్చి పిన్నిని పిలిచాడు.

"ఇవి ఇచ్చేస్తాను. పక్క ఊళ్ళో నాతో పోటీపడేవాడు ఉన్నాడుగా, బట్టతల. నోరు మంచిది కాదు గానీ పనిమంతుడు. రాళ్ళని బాగా చూసుకుంటాడు."

"ఇచ్చేసి మీరేం చేస్తారు?"

"ఏమో. తప్పు తూకం పెట్టి ఒకడి నోటి దగ్గర కూడు మాత్రం తియ్యను."

పిన్ని వాదించలేదు. ఆవిడ వాదించకపోవడం చూసి బాబాయికి ఇంకా భయమేసింది.

వెళ్ళే రోజు తనూ వస్తానని పిన్ని ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. బాబాయి ఒక్కొక్క సంచినీ తెచ్చి వెనక సర్దాడు. చిన్న రాయి సంచికి దారం ఊడితే కూర్చుని మళ్ళీ కుట్టాడు, ఇచ్చెయ్యబోయే దానికి! స్టీరింగు ముందు కూర్చుని అలవాటుగా చదివాడు.

"యాభై ఏడు."

పిన్నికి "ఊఁ" రాలేదు. కిటికీలోంచి బయటికి చూసింది.

పక్క ఊరికి పాతిక తగ్గుతుందని ఆయన లెక్క. దిగేసరికి ముప్పై రెండు ఉంటుంది, ముప్పైకి దిగదు, అక్కడే ఛార్జి పెట్టుకుని తిరిగి రావచ్చు. పొలాలు, సిమెంటు గోడౌన్లు, టైర్ల షాపులు వెనక్కి పోతున్నాయి. ఊరి పొలిమేర కనబడుతుండగా బండి వేగం దానంతటదే తగ్గింది. మీటరు పక్కన, ఇక సత్తువ లేదని చెప్పే చిన్న తాబేలు బొమ్మ వెలిగింది. బాబాయి ఎంత తొక్కినా బండి ఈడుస్తూ ఈడుస్తూ రోడ్డు పక్కకి వచ్చి, ఒక పంక్చరు షాపు ముందు చతికిలబడింది.

ఆయన స్టీరింగు మీద తల ఆనించేశాడు.

"చూశావా? ఛార్జి చూసుకోకుండా బయల్దేరాను. ఖాళీ బండిలో నిన్ను ఎక్కించుకొచ్చాను. ఇంతకంటే ఏం కావాలి?"

"చూసుకోకపోవడమేంటండీ? చదివారుగా నా ముందు!"

"ఏం చదివానో ఏమో."

పిన్ని కళ్ళజోడు సర్దుకుని మీటరు మీదికి వంగింది. తర్వాత ఆయన భుజం పట్టుకుని ఒక్క కుదుపు కుదిపింది.

"ఏవండీ, లేవండి. ఇక్కడ ముప్పై మూడుంది."

"ఏది?"

"ఇదిగో. మూడు, పక్కన ఇంకో మూడు."

బాబాయి తలెత్తి చూశాడు. కళ్ళు నులుముకుని చూశాడు. "నువ్వు మళ్ళీ చదువు," అన్నాడు. ఆవిడ చదివింది. ఆయనకి చాల్లేదు. కిందికి దిగి పంక్చరు షాపు అతన్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, "బాబూ, ఇక్కడ ఎంత కనిపిస్తోంది, నువ్వు చెప్పు," అన్నాడు. నూనె చేతులు వెనక్కి పెట్టుకుని లోపలికి తొంగిచూసి, "ముప్పై మూడు సార్. అంతుంటే ఎందుకాగింది?" అన్నాడు అతను.

"అదీ! అంతుంటే ఎందుకాగింది?" అని బాబాయి పెద్దగా అరిచాడు. "ముప్పై మూడు చూపిస్తూ ఆగిపోయింది! తప్పు దానిది! వింటున్నావా? తప్పు దానిది!" ఎర్రటి ఎండలో, లారీలు దుమ్ము లేపుతుంటే, నడిరోడ్డు పక్కన బండి చెడి నిలబడ్డ మనిషి అంత సంతోషంగా ఉండడం ఆ పంక్చరు షాపు పుట్టాక ఎవరూ చూసి ఉండరు. పిన్ని సీట్లో కూర్చునే కొంగుతో మొహం కప్పుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆవిడకే తెలియలేదు.

బళ్ళని ఎక్కించుకుపోయే లారీకి ఫోన్ చేస్తే, దాన్ని నడుపుతూ ఒక అమ్మాయి వచ్చింది. వచ్చేసరికి ఈ పెద్దాయన ఎదురెళ్ళి, పెళ్ళివాళ్ళని పిలిచినట్టు "రామ్మా రా!" అని పిలవడంతో కాస్త తికమకపడింది. బండికి ఏదో వైరు తగిలించి తన ఫోన్లో చూసుకుంది.

"బ్యాటరీ పూర్తిగా ఖాళీ పెద్దాయనా. మీటరు లెక్క తప్పింది. ఆఖరిసారి నిండా ఎప్పుడు పెట్టారు?"

"నిండానా? ఎప్పుడూ పెట్టలేదు. డెబ్బై దాటనివ్వలేదు," అన్నాడు బాబాయి కాస్త గొప్పగానే.

"కొన్నాక ఒక్కసారి కూడా? పోనీ, బాగా కిందికి దిగనిచ్చారా?"

"ముప్పై తగ్గనివ్వలేదు," అన్నాడు. ఈసారి గొప్ప కొంచెం తగ్గింది.

ఆ అమ్మాయి నవ్వింది. "ఇందులో ఎంతుందో తొంగిచూడ్డానికి దారి లేదు పెద్దాయనా. ఇంత పోశాం, ఇంత వాడాం, ఇంత మిగిలుంటుంది అని మీటరు లెక్కేసుకుంటుంది, అంతే. రోజూ పిసరంత తప్పుతుంది. నిండా పెట్టిన రోజు, ఓహో నిండంటే ఇదీ అని సర్దుకుంటుంది. నింపొద్దనే మాట వేరే రకం బ్యాటరీలకి. దీనికి అప్పుడప్పుడూ నిండా పెట్టాల్సిందే. మీరు దానికి నిండూ చూపించలేదు, ఖాళీ చూపించలేదు. అది మాత్రం ఏం చేస్తుంది?"

బాబాయి నుదురు టప్పున కొట్టుకున్నాడు. ఊరంతా తిరిగి ఖాళీ పళ్ళెం, నిండు పళ్ళెం అని కొట్టువాళ్ళ ప్రాణాలు తోడిన మనిషి, ఇంట్లో బండిని మధ్యలోనే తిప్పి తిప్పి చెడగొట్టాడు. ఆ ముక్క ఆయన ఆ అమ్మాయికి విడమరచి చెప్పి మరీ నవ్వాడు. తన తప్పు ఇంత రుచిగా చెప్పుకున్న మనిషి గురించి నేనెక్కడా వినలేదు.

ఆ లారీ బండినీ ఇద్దర్నీ ఆ ఊళ్ళోని ఛార్జింగు స్థలంలో దింపింది. రేకుల పందిరి, నాలుగు ప్లగ్గులు, ఒక సిమెంటు బల్ల. ప్లగ్గు పెట్టాక, ఆ అమ్మాయి వెళ్ళబోతుంటే బాబాయి ఆపి ఒక ప్రశ్న అడిగాడు.

"ఒక్కటి చెప్పమ్మా. రాత్రికి రాత్రి తగ్గడం ఈ లెక్క తప్పడం వల్లే, ఒప్పుకున్నాను. మరి ఊరికే నిలబెట్టిన బండిలో ఛార్జి పెరుగుతుందా?"

"ఒకటీ అరా అటూ ఇటూ అవుతుందేమో. ప్లగ్గు పెట్టకుండా నాలుగైదు పెరగడం నేనెక్కడా చూళ్ళేదు," అని చెప్పి ఆ అమ్మాయి లారీ ఎక్కి వెళ్ళిపోయింది.

బాబాయి వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. మొహంలో వెలుగు మెల్లమెల్లగా దిగిపోవడం పిన్ని చూసింది. చేతులు రెండూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని నేల చూస్తూ అన్నాడు.

"అయితే సగమే బండి తప్పు. పెరిగిన రోజులున్నాయి. ప్లగ్గు నేనే పెట్టి నేనే మర్చిపోయి ఉండాలి. ఎలాగూ ఊళ్ళోకి వచ్చేశాం, రాళ్ళు ఇచ్చేసే పోదాం."

ఇప్పుడు కూడా నోరు విప్పకపోతే ఈ మనిషిని చేజేతులా పోగొట్టుకున్నట్టే అనుకుంది పిన్ని.

"ప్లగ్గు పెట్టింది నేనండీ."

ఆయన ఆవిడ వైపు తిరిగాడు.

"మీరు నిద్రపోతుంటే పెట్టేదాన్ని. మీరు చెప్పిన అంకె రావాలని. వస్తే మీ దిగులు పోతుందని. నాకు ఆపడం చేతకాక ఎక్కువైపోయేది. అది చూసి మీరు ఇంకా బెంగపడ్డారు. తెలిశాక మానేశాను. చెప్పడానికి నోరు రాలేదు."

"ఎందుకు రాలేదు?"

"నేనూ అనుకున్నాను కాబట్టి. మీకూ పెద్ద బావగారిలాగే అవుతోందని అనుకున్నాను. మీరు నన్ను కూడా ఎవరి తాలూకు అని అడిగే రోజు వస్తుందని, రోజూ వంటింట్లో నిలబడి ఏడ్చాను. ఆ మాట మీతో ఎలా చెప్పను?"

కోపమొస్తే రానీ, తిడితే తిట్టనీ అని పిన్ని అలాగే కూర్చుంది. ఆయన తిట్టలేదు. ఏదో వెతుక్కుంటున్నట్టు కళ్ళు చిట్లించి, ఒక వేలు ఎత్తాడు.

"ఎదురింటి గోడ వానకి కూలిన రోజు. నలభై ఆరు దగ్గర బండి నిలిపి పడుకున్నాను. లేచేసరికి యాభై ఒకటి."

"నేనే. పంపులో నీళ్ళొచ్చాయని పోయాను."

ఇంకో వేలు ఎత్తాడు. "అన్నయ్యకి జ్వరమని వెళ్ళొచ్చిన ఆదివారం. ముప్పై తొమ్మిది నలభై మూడయింది."

"నేనే."

"రంగుల కొట్టువాడు కాటా తీసుకుని ఇంటికొచ్చిన రోజు. నలభై నాలుగు. అతను వెళ్ళేసరికి నలభై ఎనిమిది."

"నేనే. అతను ఎంతకీ లేవడు, నేనేమో మీ కళ్ళబడకుండా తీసెయ్యలేను!"

ఒక్కొక్క "నేనే"కీ ఆయన వెన్ను నిటారుగా అవుతోంది. జీవితంలో ఇన్ని తప్పులు ఒప్పుకుంటూ ఇంత ఆనందపడింది పిన్ని ఎప్పుడూ లేదు. ఆయన నాలుగో వేలు ఎత్తాడు.

"కత్తెరలు సానబట్టేవాడు మన గేటు ముందు కూర్చున్న రోజు. యాభై మూడు, యాభై ఏడయింది."

పిన్ని "నేనే" అనబోయి ఆగింది. అబద్ధం చెప్పదలుచుకోలేదు. ఇన్నాళ్ళూ చేసింది చాలు.

"ఆ రోజు నేను కాదండీ. నేను పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఇంట్లోనే లేను."

ఎత్తిన వేలు అలాగే ఉండిపోయింది. అబద్ధమే చెప్పి ఉండాల్సిందేమో అనుకుంది పిన్ని. బాబాయి కళ్ళు మూసుకున్నాడు.

"కాదు," అన్నాడు కళ్ళు తెరవకుండానే. "డాక్టరు దగ్గరికి వెళ్ళింది ఆ మర్నాడు. ఆ రోజు నువ్వు ఎడం బుగ్గ పట్టుకుని గుమ్మంలో కూర్చున్నావు. కత్తెరల వాడి చక్రం చప్పుడుకి పన్ను ఇంకా లాగుతోందని అతన్ని తిట్టావు. నేను వేణ్ణీళ్ళలో ఉప్పేసి ఇచ్చి పడుకున్నాను. నువ్వు గ్లాసు పట్టుకుని పుక్కిలిస్తూ షెడ్డు వైపు వెళ్ళావు. తర్వాత ఆ గ్లాసు బండి వెనక చక్రం పక్కన దొరికింది నాకు."

పిన్ని నోరు తెరుచుకుని ఆయన వంకే చూసింది. ఎడం బుగ్గే. చక్రం చప్పుడు, ఉప్పునీళ్ళు, వంగి ప్లగ్గు పెడుతూ కింద పెట్టిన గ్లాసు, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

"అవునండోయ్," అంది ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుని. "నేనే!"